మంగళ శుక్రవారాల జబ్బు

చేప కోసం వెళ్ళినవాడు చేప కొనుక్కుని రావాలి గాని, గోదావరిలో దిగి దాన్ని పిల్లప్పటినుంచీ పెంచి తీసుకురానక్కరలేదు గదా అనుకుంది జ్ఞానమ్మ. పశువుల ఆసుపత్రి వరండాలో సిమెంటు బల్ల మీద కూర్చుని ఇలా అనుకోవడం ఇది ఎన్నోసారో ఆవిడకే తెలియదు. కుక్కల పాక కాపలావాడు సత్తియ్య వెళ్ళి ముప్పావుగంట అయింది. గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది, అదైనా నిజమో కాదో, ఈ ఆసుపత్రిలో నడిచేది ఒక్కటైనా ఉందా, కరెంటు పోయి ఫ్యాను ఆగింది, పంపులో నీళ్ళు ఆగాయి, బల్ల మీద తల పెట్టుకుని కాంపౌండరు కూడా ఆగిపోయాడు. గేటు దగ్గర కుక్కల బండి మాత్రం ఎక్కడికీ పోకుండా నిలబడి ఉంది. ఇనపచువ్వల పెట్టె, దాని ముందు ఒక ఎద్దు, ఎద్దు నీడలో బీడీ కాల్చుకుంటూ బండివాడు. పన్నెండు కొట్టగానే వాడు లోపలికి వచ్చి ఈ గంప అడుగుతాడు. కోళ్ళగంప, పైన గోనె కప్పి తాడుతో కట్టారు, పిచ్చికుక్క కదా మరి. వెదురు సందులోంచి ఆ పిచ్చికుక్క ముక్కు బయటికి వచ్చి జ్ఞానమ్మ మడమకు తడితడిగా తగులుతోంది. పన్నెండు లోపల డాక్టరు దీని జబ్బేమిటో కళ్ళతో చూసి కాగితం మీద రాసి ఇస్తే బతుకుతుంది, లేకపోతే సాయంత్రానికి మందు కలిపిన ముద్ద తిని పోతుంది. డాక్టరు చూడాలంటే ఇది పడిపోవాలి, ఇది పడిపోవాలంటే చేప కావాలి, చేప రావాలంటే ఆ సత్తియ్య మహారాజు రావాలి.

బల్లకు ఆ చివర జోగేశ్వరరావు గారు కూర్చుని ఉన్నారు, జీవకారుణ్య సంఘం కార్యదర్శి. ఇద్దరి మధ్యా ఆయన గొడుగు పొలంగట్టులా అడ్డంగా పడుకుని ఉంది. పొద్దున్న అది ఆయన చేతిలోనే ఉండేది. డాక్టరు అడిగిన ప్రశ్నకు జ్ఞానమ్మ నిజం చెప్పిన క్షణం నుంచీ దాన్ని తెచ్చి మధ్యలో పెట్టారు. ఆయన మంచిమనిషే, అదే ఇంకా విసుగు. చెడ్డవాడైతే నాలుగు మాటలని దులిపేసుకోవచ్చు. ముసలి ఆవులకోసం వేయించిన పాకలో ఎవరో కాలు విరిగిన కుక్కను వదిలిపోతే కాదనలేక ఉంచుకున్న మనిషి, ఒకటి పందొమ్మిదైనా కాదనలేకపోయిన మనిషి, తన మిల్లు నూకలే రోజూ పంపించే మనిషి. కుక్కలంటే మాత్రం చచ్చేంత భయం, ఆ పాకలోకి ఏనాడూ అడుగుపెట్టలేదు, గేటు బయట నిలబడి గొడుగు కొనతో చూపిస్తూ దానికెలా ఉంది దీనికెలా ఉంది అని కనుక్కుని వెళ్ళిపోతారు. ఆ గేటు మీద బోర్డు, బోర్డు మీద నీలం రంగు అక్షరాలు, ఈ ఆవరణలో మత్స్యమాంసములు నిషేధము. జీవకారుణ్యం అని పేరు పెట్టుకుని ఒక జీవాన్ని చంపి ఇంకో జీవానికి పెట్టడమేంటండీ అని మొదటిరోజే అడిగారు ఆవిణ్ణి. అడిగినదాంట్లో తప్పేం లేదు. ఆ సంగతి కుక్కలకు ఎవరు చెప్పాలి? నూకల జావ, పైన పలచటి మజ్జిగ. ఆముదం తాగించబోతున్న పిల్లల్లాగ మొహాలు పెట్టుకుని తినేవి. సాత్త్వికాహారం తింటే స్వభావం కూడా నెమ్మదిస్తుందని సంఘంలో ఒక పెద్దమనిషి అన్నారు, నెమ్మదించింది నిజమే, లేవడానికి ఓపిక లేక.

అందుకని మంగళవారం, శుక్రవారం పెట్టుకుంది. మంగళవారం సంఘం పెద్దలంతా ఆంజనేయస్వామి గుడికి వెళతారు, శుక్రవారం కొట్లలో లక్ష్మీపూజ, ఆ రెండు రోజులూ పాక వైపు ఎవరూ తొంగిచూడరు. మిగతా రోజుల్లో ఆవిడ వెళ్ళేది కాదు, ఎలాగూ అక్కడే ఉండే సత్తియ్యే పెడతాడు. ఆ రెండు రోజులు మాత్రం నాలుగు గిన్నెల క్యారేజీ పట్టుకుని ఆవిడ రిక్షా దిగేది, పైగిన్నెలో రొట్టెముక్కలు, కిందిగిన్నెల్లో ఉడికించి ముళ్ళు తీసిన చేప తలకాయలు. ముప్పై ఒక్క ఏళ్ళు మిషన్ ఆసుపత్రిలో వార్డు సిస్టరుగా ఒక్క దొంగ సంతకం పెట్టని మనిషి, రిటైరయ్యాక చేపల దొంగరవాణా. ముళ్ళు సత్తియ్య పెరట్లో పాతిపెట్టేవాడు. ఇదంతా పొద్దున్న ఆ డాక్టరు కుర్రాడి ముందు కక్కాల్సి వచ్చింది. కుర్రాడు కాకపోతే ఏమిటి, మీసాలైనా గట్టిగా రాలేదు, పల్లంరాజుట, భీమవరం వైపు. పుస్తకంలో కుక్క పేరు రాసుకోవాలని అడిగితే సత్తియ్య అమాయకంగా, బుల్లిరాజండి అన్నాడు. కలం ఆగింది. మా చిన్నాన్న పేరండీ అని, అదే పేరు శ్రద్ధగా రాసుకున్నాడు ఆ అబ్బాయి. ఆవిడకు భూమిలోకి దిగిపోదామనిపించింది. తరవాత కుక్క కళ్ళు చూశాడు, చిగుళ్ళు చూశాడు, గిన్నెలో నీళ్ళు పెట్టాడు, గటగటా తాగింది. పిచ్చి కాదండీ అన్నాడు. ఆ మాట తాను వారంరోజులుగా మొత్తుకుంటోంది, పిచ్చిదైతే పది రోజుల్లో పోయేది, రెండు నెలలుగా పడుతూ లేస్తూ ఉన్నదానికి పిచ్చేంటండీ అని, వింటేనా. మరి పడిపోవడం ఏంటి అని జోగేశ్వరరావు గారు అడిగారు. పడేముందు ఏం పెడుతున్నారు అని డాక్టరు అడిగాడు. తిన్నాక పడుతుందా, చూడగానే పడుతుందా, ఏ రోజుల్లో, ఎవరు పెట్టినప్పుడు. డాక్టరు ముందు అబద్ధం చెప్పడం ఆవిడకు చేతకాదు, ఆ డాక్టరు పశువుల డాక్టరైనా సరే. చెప్పింది. చెబుతుంటే ఆ అబ్బాయి మొహం దీపం ముట్టించినట్టు వెలిగింది. "ఇలాంటిది పుస్తకంలో చదివానండీ, కంటితో చూళ్ళేదు" అన్నాడు. నిద్రకు సంబంధించిన జబ్బుట, విదేశాల్లో ఎక్కడో కొన్ని కుక్కలకు కనిపెట్టారుట, ఇష్టమైన తిండి కనబడి మహా సంతోషం కలిగితే కాళ్ళలో బలం పోయి కూలబడుతుందిట, తెలివి మాత్రం పోదుట. అయితే చేప తెప్పించండి, నా కళ్ళముందు పడితే ఇప్పుడే రాసిస్తాను అన్నాడు. అలా వెళ్ళాడు సత్తియ్య. డాక్టరు ఈనలేకపోతున్న గేదె దగ్గరికి పెరట్లోకి వెళ్ళాడు. గొడుగు బల్ల మీదికి వచ్చింది.

పాపిష్టి ఎండ. అవతల కొత్త వంతెన మీద రైలు పోతున్న చప్పుడు, ఎంతసేపూ అయిపోదు, గూడ్సు కాబోలు, మండపేట బియ్యం మోసుకుని పోతోందేమో. ఆ రైలు గేటు దగ్గరే దొరికింది ఇది, సంక్రాంతి వెళ్ళిన వారం, గుప్పెడంత పిల్ల, చెవి చిరిగి ఉంది. కుట్టు తనే వేసింది. ఫిబ్రవరి ఆఖర్న ఒక మంగళవారం, తాను గేటు తీసుకుని లోపలికి రాగానే పరిగెత్తుకుంటూ వచ్చి, ముందుకాళ్ళు మడతపడి, తరవాత వెనకకాళ్ళు, తడిసిన గోనెసంచిలా నేల మీద పరుచుకుపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నాడి బాగానే ఉంది. అర నిమిషానికి లేచి ఏమీ ఎరగనట్టు తోకాడించింది. శుక్రవారం మళ్ళీ. ఆ పై మంగళవారం మళ్ళీ. బుధవారం పడదు, ఆదివారం పడదు, సత్తియ్య ఒట్టేసి చెప్పాడు. ఇంకేముంది, సంఘంలో చర్చ మొదలైంది. మంగళ శుక్రవారాలు అమ్మవారి రోజులు, ఇదేదో అమ్మవారి కళే అన్నారొకరు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, పాక ఎదురింటి వీరమ్మ శుక్రవారం వచ్చి కుక్క నుదుట బొట్టు పెట్టి, తన గేదె ఈసారి పెయ్యను ఈనుతుందా దున్నను ఈనుతుందా అని అడిగింది. పోనీ ఇటు చర్చిలో చెప్పుకుందామంటే పాస్టరు గారు ఎంతో జాలిగా తలూపి, జంతువుల విషయంలో ప్రార్థన ఎలా చెయ్యాలో పెద్దలనడిగి చెబుతానన్నారు, ఈస్టరు వెళ్ళిపోయింది, ఇంకా అడుగుతూనే ఉన్నారు. నిమ్మకాయలు కట్టారు, వేపమండలు కట్టారు. పోయిన వారం శుక్రవారం బడి వదిలిన వేళకు పడింది, గేటు బయట పిల్లలంతా చూశారు, ఆ చూసినవాళ్ళు ఇళ్ళకు వెళ్ళి నురగ కక్కింది, కళ్ళు ఎర్రగా తిప్పింది అని కథలల్లారు, నిన్న రాత్రి సంఘం కూర్చుని బండికి కబురు పెట్టింది. జోగేశ్వరరావు గారే, పోనీ పన్నెండు దాకా చూద్దాం, డాక్టరు కాగితం ఇస్తే సరి అని ఒప్పించారుట. ఒప్పించిన మనిషికి తాను ఇవాళ ఏం ఇచ్చింది? మీ బోర్డు కింద నేను చేపలు పెట్టాను అన్న నిజం ఇచ్చింది.

అది కూడా అంత బాధ లేదు. రెండు నెలలుగా లోపల ఉన్న బాధ వేరు. మంగళవారానికీ శుక్రవారానికీ అర్థం ఏమిటో ఊరంతటికీ తెలియకపోయినా తనకు తెలుసు కదా. చేప. చేపలో ఏదో ఉంది. పైరు మీద ఎండ్రిన్ పురుగుమందు కొట్టిన నీళ్ళు కాలవల్లోకి దిగి, చేపలు తెల్లటి కడుపులు పైకి పెట్టి తేలడం తాను చూడలేదా? ఆ చేపల్నే గంపల్లో పోసుకుని అమ్ముకోవడం చూడలేదా? కాలవ చేప మానేసి గోదావరి చేప తెచ్చింది, పడింది. దీనికి ఒక్కదానికే చేప మానేసి పాలూ రొట్టే పెట్టింది, అయినా పడింది, పాత విషం ఒంట్లో మిగిలి ఉంటుంది అనుకుంది. జ్వరంతో తాను మంచం దిగని మంగళవారం మాత్రం పడలేదని సత్తియ్య కబురు తెచ్చాడు. ఇంక అనుమానం ఏముంది, తన చేతే. తన చేత్తో కుట్టు వేసి, తన చేత్తో విషం పెట్టింది. చెప్పేస్తే పాకలోకి రానివ్వరు, తక్కిన పద్దెనిమిదీ మళ్ళీ నూకల జావకు పోతాయి. చెప్పకపోతే ఇది పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వార్డులో ఎన్ని రాత్రులు ఎంతమందికి మందు లెక్క తప్పకుండా ఇచ్చింది, ఒక్క చుక్క తేడా వచ్చిందా? ఈ రెండు నెలలూ ఆ క్యారేజీ గిన్నె మూత తీసి ఒక్కో ముక్కా వాసన చూసి గాని పెట్టేది కాదు. విషం కాదు, జబ్బు అని ఆ మీసాలు రాని అబ్బాయి అన్నప్పుడు ఆవిడకు కాళ్ళలో సత్తువ పోయి అతని కుర్చీ పట్టుకుంది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు, గమనించకపోవడమే మంచిది.

రాహేలు ఏమంది? కుక్క తోక పట్టుకుని గోదారి ఈదుతున్నావక్కా అంది. చెల్లెలు. ఆ ఇంట్లోనే ముందుగది తనకిచ్చారు, మంచం ఇచ్చారు, వేళకు అన్నం పెడతారు, ఏ లోటూ లేదు. తాను గుమ్మంలో అడుగుపెట్టగానే రేడియో ఆగుతుంది. వద్దని తాను ఎప్పుడూ అనలేదు. పిల్లలు కాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు, మరిది పేపరు మడిచేస్తాడు. అలవాటే. వార్డులోకి వెళితే రోగులు కళ్ళు మూసుకునేవాళ్ళు, నిద్రపోతున్నట్టు. అడుగుల చప్పుడు దూరమయ్యాక మళ్ళీ కబుర్లు మొదలయ్యేవి. కారప్పొడి సిస్టరు అని పేరు, తెర వెనక విన్నది ఒకసారి, ఎవరో టైఫాయిడ్ మనిషి, ఇరవై ఒక్క రోజులు ఆ మనిషి నాలుక తానే తుడిచింది. తుడుస్తూ తిట్టింది కూడా, నిజమే. తిట్టకపోతే నీళ్ళు తాగేవాడా? మెత్తగా చెప్పడం కొందరికి వస్తుంది, తనకు రాదు, నోరు తెరిస్తే అది మందు చేదులాగే వస్తుంది. రిటైరైన రోజున దండ వేసి డాక్టరమ్మ గారు క్రమశిక్షణ, క్రమశిక్షణ అని ఉపన్యాసమంతా అదే మాట చెప్పారు. చిన్న నర్సులు చప్పట్లు కొట్టారు, ఒక్కళ్ళకూ కళ్ళు తడవలేదు. తడవాలని తనకేం లేదు. మర్నాడు పదకొండింటికి, ఇదిగో ఇలాంటి ఎండలోనే, చెయ్యడానికి ఏమీ లేక నడుస్తూ నడుస్తూ ఒక కుంటికుక్క వెనక పాకలోకి వెళ్ళి, ఆ మురికి గుడ్డతో కట్టు కడతావా బుద్ధి లేదా అని సత్తియ్యను తిట్టింది. అంతే, ఆ పాకకు రావడం మొదలైంది. తిట్టినా మళ్ళీ రమ్మన్నవాడు సత్తియ్య ఒక్కడే. ఆ ఒక్కడూ చేపకు వెళ్ళి ఇంతవరకూ రాలేదు.

వచ్చాడు. తాటినారకు గుచ్చిన కొర్రమేనును పైకెత్తి పట్టుకుని, పెళ్ళికి కావిడి తెచ్చినట్టు నవ్వుకుంటూ వచ్చాడు. అది ఇంకా కొట్టుకుంటోంది. శనివారం కదా, ఊళ్ళో సగం మంది తినరు, తలకాయలు దొరకలేదండి, ఇది బతికున్న చేపండి అన్నాడు, బహుమతి తెచ్చినట్టు. బతికున్న చేపను చూసి కుక్క పడిపోతుందా, పారిపోతుందా? ఉడకబెట్టి పెడతామని వీడికి తెలియదా? జ్ఞానమ్మ నుదురు పట్టుకుంది. ఇంతలో గేదె దగ్గర్నుంచి డాక్టరు వచ్చి, ఉడకబెడితే పోయేదేముందండీ అని, సిరంజీలు మరిగించే గిన్నె ఖాళీ చేయించి, కిరోసిన్ స్టవ్వు తానే పంపు కొట్టి వెలిగించాడు. ఆసుపత్రంతా చేపల పులుసు వాసన. కాంపౌండరు నిద్ర లేచాడు. జోగేశ్వరరావు గారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని, అయినా లేచి వెళ్ళకుండా గది గుమ్మంలో నిలబడ్డారు. గంప తాడు విప్పారు. కుక్క బయటికి వచ్చింది, బెదురుగా, తోక కడుపు కిందికి పోయి ఉంది, ఫినాయిలు వాసనకు తుమ్మింది. జ్ఞానమ్మ దాని మెడ పట్టుకుని పక్కనే కూర్చుంది. పళ్ళెం పెట్టారు. కుక్క వాసన చూసింది. తలకాయ తిన్నది, కళ్ళు తిన్నది, పులుసు నాకింది, పళ్ళెం తిరగేసి కింద నాకింది. తరవాత నాలుగు కాళ్ళ మీద గుడిస్తంభంలా నిలబడి, ఇంకేమైనా ఉందా అన్నట్టు డాక్టరు వైపు చూసింది.

సత్తియ్య తల గోక్కుని, "ఇయ్యాళ శనోరం గదండీ" అన్నాడు.

ఇంకోసారి పెట్టారు. ఇంకోసారి తిన్నది. గడియారం పన్నెండుకు పది నిమిషాలు. చూడనిది నేను రాయలేనండీ సిస్టరు గారూ అన్నాడు డాక్టరు, తప్పు చేసినవాడిలా. రాయలేడు. తానైతే మాత్రం రాసేదా? చూడకుండా రాసిన నర్సుల్ని తాను ఎంతమందిని ఏడిపించింది. అదే ఒళ్ళు మండించింది ఆవిడకు, ఆ అబ్బాయి అన్నది సరైనది కావడం. రెండు నెలలు పడమన్నా పడొద్దన్నా పడ్డ కుక్క, పడితే బతికే ఒక్క పూట నిలబడింది. నిజం చెప్పినందుకు పరువు పోయింది, పాక పోయింది, ఆ పోవడానికైనా అర్థం లేకుండా పోయింది. లేచి విసురుగా బయటికి నడిచింది.

బండివాడు బీడీ పారేసి, గంప తెచ్చుకోమంటారా అండీ అన్నాడు. ఎవరి గడియారం ప్రకారం పన్నెండు అని అడిగింది. వాడు బిత్తరపోయి నీడ చూపించాడు. నీ ఎద్దుకు నీళ్ళు పెట్టావా అని అడిగింది. లేదన్నాడు. ముందు దానికి నీళ్ళు పెట్టి తరవాత ఇంకొకళ్ళ ప్రాణం తీద్దువుగాని, నాలుక ఎలా వేలాడిపోతోందో కనబడటం లేదా అని, ఆ ఎద్దు గురించీ, దాని మెడ మీద కాడి రాసిన పుండు గురించీ, ఆ పుండు మీద ముసిరిన ఈగల గురించీ ఐదు నిమిషాలు తిట్టింది. తిడుతుంటే కళ్ళవెంట నీళ్ళు వచ్చేశాయి. ఇన్నేళ్ళలో తిడుతూ ఏడవడం ఇదే మొదలు, ఎంత చిరాకు. కొంగుతో మొహం తుడుచుకుని, దాన్ని గంపలో పెట్టాల్సింది తానే, వేరే ఎవరు పెట్టినా బెదురుతుంది అనుకుంటూ వెనక్కి తిరిగి, వరండా ఎక్కి, గదిలోకి అడుగుపెట్టింది.

గది ఆ చివర సత్తియ్య ఒళ్ళో తల పెట్టుకుని ఉన్న కుక్క చెవులు నిక్కబొడుచుకుంది. లేచింది. కడుపు కింద దాక్కున్న తోక బయటికి వచ్చింది. పరుగందుకుంది. మూడో అడుగులో ముందుకాళ్ళు మడతపడ్డాయి, వెనకకాళ్ళు జారాయి, గడ్డం సిమెంటు నేలకు టక్కున కొట్టుకుని, ఆవిడ వైపే చూస్తూ, కదలకుండా పడిపోయింది.

డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని కనురెప్ప తాకి చూశాడు, కాలెత్తి వదిలాడు, అది పిండిముద్దలా జారిపోయింది. అర నిమిషానికి కుక్క లేచి ఒళ్ళు దులుపుకుంది. మీరోసారి బయటికి వెళ్ళి, కాసేపాగి రండి అన్నాడు. ఎందుకని అడగబోయి, డాక్టరు చెప్పింది చెయ్యడం అలవాటైన మనిషి కనుక వెళ్ళింది. పెరటి చివర గేదె దాకా వెళ్ళి నిలబడి వచ్చింది. చేతిలో ఏమీ లేదు. కుక్క రెండడుగులు వేసి కూలిపోయింది. తరవాత సత్తియ్యను పంపారు, వచ్చాడు, కుక్క తోకాడించి ఊరుకుంది. కాంపౌండరు వచ్చాడు, దాని లెక్కలోకే రాలేదు. డాక్టరు జోగేశ్వరరావు గారి వైపు చూశాడు. ఆయన గుమ్మం దాటి, జన్మలో మొదటిసారిగా ఒక కుక్క ఉన్న గదిలోకి, గొడుగు గుండెలకు హత్తుకుని నాలుగడుగులు వేశారు. కుక్క ఆవులించింది. నూకలు పంపిస్తున్నది నేనే కదండీ అన్నారాయన, మెల్లగా, నిజంగానే నొచ్చుకున్నారు.

"చేప కాదండీ. మీరు" అన్నాడు డాక్టరు.

నాన్సెన్స్ అంది జ్ఞానమ్మ. నోటికి వచ్చిన మాట అదే. మంగళవారమూ తానే, శుక్రవారమూ తానే, జ్వరం వచ్చిన మంగళవారం లేనిది చేప ఒక్కటే కాదు, తానూ లేదు. అమ్మవారిని వెతికారు, పిచ్చిని వెతికారు, తాను విషాన్ని వెతికింది. ఒక్కనాడు క్యారేజీ లేకుండా వెళ్ళి చూసి ఉంటే తెలిసిపోయేది. వెళ్ళలేదు. ఆ ఆలోచనే రాలేదు. ఖాళీ చేతులతో వెళితే తన మొహం చూసి ఎవరు సంతోషిస్తారని? ఎక్కడ చూసింది గనుక? కుక్క గడ్డం కింద నెత్తురు చిప్పిల్లితే వంగి కొంగుతో అద్దింది, అద్దుతూ చూసుకుని నడవలేవా అని దాన్నే కసిరింది.

డాక్టరు రాశాడు. ఈ కుక్కకు పిచ్చి లేదు, ఇతరులకు అంటుకునే జబ్బు లేదు, అరుదైన నిద్రజబ్బు, మిక్కిలి సంతోషము కలిగినప్పుడు పడిపోవును, దానంతట అదే లేచును. సంతకం పెట్టి ముద్ర కొట్టి, మందు లేదండీ దీనికి, ప్రాణానికి భయం కూడా లేదు, దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలు అన్నాడు. జోగేశ్వరరావు గారు కాగితం రెండుసార్లు చదివారు. ఆయన మనసులో చేపలు ఇంకా ఈదుతూనే ఉన్నాయని మొహం చూస్తేనే తెలుస్తోంది. సంఘంలో ఆ విషయం పెట్టక తప్పదు సిస్టరు గారూ అన్నారు. పెట్టండి అంది. కాసేపు గొడుగు పిడి తిప్పి, ఎత్తిపొడుపు లేకుండా, లెక్క తేలినవాడి గొంతుతో, "అలాగైతే తేలికే కదండీ, మీరు రావడం మానేస్తే దానికి జబ్బే ఉండదు" అన్నారు.

"ఉండదండీ. సంతోషమూ ఉండదు. అది మానిపించమని నేను చీటీ రాయలేను" అన్నాడు పల్లంరాజు, పెన్ను జేబులో పెట్టుకుంటూ.

కాగితం తానే పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. బండివాడికి చదవడం రాదు, ముద్ర చూసి నమ్మాడు. ఎద్దు అప్పటికే నీళ్ళు తాగింది. ఇనపపెట్టె ఖాళీగా గలగలలాడుతూ రోడ్డెక్కి మలుపు తిరిగింది. రిక్షా ఒకటి నీడన ఉంది. ఎక్కి ఇంటికి వెళ్ళిపోవచ్చు, కుక్కను సత్తియ్య తీసుకుపోతాడు. ఆ పెద్దమనిషి చెప్పినదాంట్లో కూడా తప్పు కనబడదు, అదే ఆయనతో వచ్చిన చావు. తాను లేకపోతే అది పడదు, గడ్డం పగలదు, పిల్లలు బెదరరు, పాక నెమ్మదిగా ఉంటుంది. మంచి సలహా. నర్సుగా తాను ఇవ్వాల్సిన సలహా. రిక్షావాడు గంట కొట్టాడు. జ్ఞానమ్మ ఆసుపత్రి వైపు నడిచింది. వరండా ఎక్కి గది గుమ్మానికి ఇవతల, గోడ చాటున ఆగింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఏ గుమ్మం దగ్గరా ఆగి ఎరగదు. లోపల ఒక ప్రాణికి తాను కనబడటమే తట్టుకోలేనంత పండగ అని తెలిశాక అడుగెలా వెయ్యాలో తెలియలేదు. భయం వేసింది, కోపం వచ్చింది, ఈ వయసులో ఇదేం తంటా అనిపించింది. ఒళ్ళంతా చెమట. చీర కుచ్చెళ్ళు సర్దుకుంది, జుట్టు సర్దుకుంది, ఎవరి కోసమో ఏమిటో.

"సత్తియ్యా, దాని గడ్డం కింద ఆ గోనె వెయ్యి" అని కేకేసింది, ఎప్పటి గొంతుతోనే. "నేను లోపలికి వస్తున్నాను."